స్టెప్నీలో గాలి

ఆ రోజు జూలై తొమ్మిది, బుధవారం. పొద్దున్న ఉప్మా తిన్నాను, నిమ్మకాయ ఊరగాయతో. తినడం పూర్తికాకముందే, బయట నిలిపిన నా పాత కారులో ఉండాల్సిన పసుపు దీపం పొయ్యి పైన గోడ మీద వెలుగుతోంది. టైరులో గాలి తగ్గితే వెలిగే దీపం అది. కంచం కడిగి మస్తాన్‌వలి పంక్చర్ షాపుకి బయల్దేరతాను. దీపం గోడ దిగి, నాకంటే ముందే కారెక్కుతుంది.

మస్తాన్‌వలి నాలుగు టైర్లకీ గేజీ పెడతాడు. అన్నీ ముప్పై రెండే. వాల్వుల మీద ఉమ్ము తడి రాసి చూస్తాడు. బుడగ లేదు. దీపం ఆరదు.

"మాస్టారూ, ఈ బండికి స్టెప్నీలో కూడా సెన్సరుంటది. అందరూ నాలుగే చూపించి పోతారు."

స్టెప్నీని నేను ఎనిమిదేళ్లుగా ముట్టలేదు. చివరిసారి దాంట్లో గాలి కొట్టింది నా భార్య వకుళ. నల్లమల ఘాట్ రోడ్డులో కుచ్చిళ్లు దోపుకుని కాలిపంపు తొక్కుతూ, కాలేజీలో మీ పాఠం కంటే ఇదే త్వరగా అవుతుందని వేళాకోళం చేసింది. ఆ ఏడాదే పోయింది. ఇంట్లో ఆమె చీరలున్నాయి, కళ్లజోడుంది. ఆమె చేసిన పనుల్లో మాత్రం ఇంకా మిగిలింది ఈ గాలి ఒక్కటే.

అది చెబుతాను. అతను చేతులు శుభ్రంగా తుడుచుకుని, అప్పుడు స్టెప్నీని ఎత్తుతాడు. గేజీ పదకొండు చూపిస్తుంది. చూస్తుండగానే పది.

నీళ్ల తొట్టిలో ముంచితే బుడగలు రావు. లోపల్నుంచి అడుగుల చప్పుడు వస్తుంది. వినడానికి తొట్టి మీదకి వంగుతాను. అతను స్టూలు నా వెనక్కి జరుపుతాడు.

తొమ్మిది.

కొత్త గాలి కొట్టెయ్యమంటాను.

"కొడతా. పాతది దాంట్లో కలిసిపోద్ది. మళ్లీ వేరుచేసి ఇమ్మంటే నావల్ల కాదు మాస్టారూ."

వద్దంటాను. చిల్లు వెతికి వేలితో మూస్తాను. లోపలి నుంచి ఇంకో వేలు నా వేలిని నెడుతుంది, మెత్తగా, ఇటు రావద్దన్నట్టు. వేలు తీస్తే గాలి పోతుంది. తియ్యను. వేలి వెంట మణికట్టు, మణికట్టు వెంట భుజం లోపలికి వెళతాయి. చిల్లు తలుపులా తెరుచుకుని నన్ను మొత్తం లోపలికి రానిస్తుంది.

టైరు లోపల నల్లటి వసారా ఉంది. ఎటు నడిచినా వంపు తిరుగుతుంది. ఒక్క మలుపు ముందు వకుళ ఆయాసపడుతూ నడుస్తోంది. పిలవాలంటే ఊపిరి తీసుకోవాలి. ఇక్కడున్న గాలి ఇద్దరికి చాలదు.

ఊపిరి బిగబట్టి నడుస్తాను. ముందున్న ఆయాసం ఆగిపోతుంది. తలెత్తితే, పైకప్పు మీద తలకిందులుగా వకుళ నిలబడి ఉంది. ఆమె జడ వేలాడి నా భుజానికి తగులుతోంది. పెదవులు గట్టిగా మూసుకుంది. ఆమె కూడా ఊపిరి బిగబట్టింది.

బయట పొద్దుగూకుతుంది. మస్తాన్‌వలి వచ్చి, ఇక ఈ రాత్రికి ఇంతేనన్నట్టు, చక్రానికున్న ఆ తలుపు చప్పుడు కాకుండా మూస్తాడు.