రెండు బొటనవేళ్ళ గుంటలు

ఖైదీని లోపలికి తీసుకొచ్చేసరికి నేను బేసిన్‌లో చెయ్యి పెట్టి నీళ్ళ వేడి చూస్తున్నాను. నీళ్ళు మరీ వేడిగా ఉంటే ప్లాస్టర్ గుడ్డ చుట్టేలోపే బిగిసిపోతుంది. మరీ చల్లగా ఉంటే, అది బిగిసేదాకా పట్టుకుని కూర్చోలేక మామయ్య చేతులు పీకుతాయి.

మా మామయ్య కొయ్యకాళ్ళు చేస్తారు. ఆయన కొడుకుని చేసుకుని ఈ ఇంటికొచ్చాను. ఆయన కొడుకు యుద్ధంలో పోయాక ఈ పనిలోకొచ్చాను. ఆ యుద్ధం ఎవరో పరాయివాళ్ళతో కాదు, అంతకుముందు యుద్ధంలో మా పక్కన నిలబడి పోరాడినవాళ్ళతోనే. మామయ్యకి ఈ పని నేర్పిన గురువు కూడా ఆ దేశపువాడే. గోడకి వేలాడే, కొయ్య అరగదీసే ఆకురాయి ఆయనిచ్చిందే.

ఆ దేశంతో ఖైదీల మార్పిడి దగ్గరపడింది. కాలు తెగిన ఖైదీని కర్రల మీద పంపితే మనకే పరువుతక్కువని ఆస్పత్రి పెద్ద డాక్టరు మామయ్యని కాలు చెయ్యమన్నారు.

"చేస్తానని చెప్పాను. ఎలా చేస్తానో మాత్రం నన్నడక్కు," అన్నారు మామయ్య పొద్దున్న నాతో. అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు.

ఎందుకంటే కాలు చెడగొట్టడానికి పెద్దగా ఏమీ చెయ్యక్కర్లేదు. మోకాలి కింద తెగిన కాలికి అచ్చు కోసం తడి ప్లాస్టర్ చుట్టాక, చిప్ప కిందుండే గట్టి నరానికి అటూ ఇటూ రెండు బొటనవేళ్ళూ నొక్కిపట్టి, అది బిగిసేదాకా కదలకూడదు. అక్కడ పడిన గుంటల మీదే రేపు మనిషి బరువంతా ఆగుతుంది. గుంటలు సరిగ్గా పడకపోతే బరువు ఎముక కొసమీదికి జారుతుంది. వేసిన ప్రతి అడుగూ పుండవుతుంది. చూసేవాళ్ళకి మాత్రం కాలు కాల్లాగే కనబడుతుంది.

ఖైదీ బక్కపలచటి పొడుగాటి మనిషి. కాపలా జవాను అతన్ని బల్లమీద కూర్చోబెట్టి, తాను తలుపు దగ్గర స్టూలు లాక్కున్నాడు.

"కాలు చాపు," అన్నారు మామయ్య.

నేను గుడ్డ చుట్టాను. మామయ్య ముందుకి జరిగి బొటనవేళ్ళు ఆనించారు. మామూలుగా అయితే ఈపాటికి, "దీనికి దోమ కుట్టదు, ఆనికాయ రాదు. రెండోది కూడా మార్పిద్దామా?" అని వచ్చినవాళ్ళని నవ్విస్తారు. నవ్వితే కండ వదులవుతుంది. ఆరోజు అనలేదు.

పొడుగాయన గోడవైపు చూశాడు. "ఆ ఆకురాయి మా ఊరి పనితనం. పిడి చూస్తే తెలుస్తోంది."

"మీవాళ్ళిచ్చిందే. ఇచ్చిన చేత్తోనే వెన్నుపోటు పొడిచారు."

"ముందు కాల్చింది మీరు కదా, పెద్దాయనా?"

"కనుమ మీదికి ఫిరంగులు తెచ్చి మావైపు తిప్పి పెడితే, దండలు పట్టుకుని ఎదురు రావాలా?"

"అవి మీకోసం కాదు. పాత శత్రువు మళ్ళీ ఆ దారినే వస్తాడని పెట్టాం. మీవాళ్ళకి ముందే కబురు చేశాం."

"చెయ్యలేదు."

"చేశామనే మావాళ్ళు మాకు చెప్పారు."

"చెయ్యలేదనే మావాళ్ళు మాకు చెప్పారు."

జవాను కిసుక్కున నవ్వబోయి, నా మొహం చూసి దగ్గాడు.

"పరాయివాడు తుపాకీ తిప్పితే కాసేపు ఆగి చూస్తాం," అన్నారు మామయ్య. "మన గుట్టంతా తెలిసినవాడు తిప్పితే ఆగడానికి టైమెక్కడిది? మేం చేసింది న్యాయమే."

"భయమేసిందంటే ఒప్పుకుంటాను. న్యాయమంటే ఒప్పుకోను. ఒక మనిషిని పంపి అడిగితే పోయేది కదా!"

"అడిగితే నిజం చెప్పేవాళ్ళా?"

"ఏమో. నేను వంతెనలు కట్టే మేస్త్రీని. నన్నెవరూ అడగలేదు."

"అయితే నా కొడుకు ఊరికే పోయాడంటావా?"

అతను ఉలిక్కిపడి మామయ్యని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను తల దించుకుని బేసిన్ అంచు తుడిచాను.

"మీ అబ్బాయి సంగతి నాకు తెలీదండీ," అన్నాడు నెమ్మదిగా. "నా కాలు మాత్రం ఊరికే పోయింది. ఆ మాట నాకు నేను చెప్పుకోడానికే చాలా కాలం పట్టింది."

మామయ్య చేతులు తీసేశారు.

లేచి వెళ్ళి కుళాయి కింద చేతులు కడుక్కున్నారు. ప్లాస్టర్ దానంతటదే బిగిసింది. వెనక్కొచ్చి దాన్ని లాగి బల్లమీద పెట్టి, "అయిపోయింది, తీసుకెళ్ళు," అన్నారు జవానుతో.

నేను లోపల వేలు పెట్టి తడిమాను. ఒక గుంట పక్కకి జారింది. రెండోది పడనేలేదు.

మా ఆయన పని నుంచి వస్తుంటే మెట్లమీద మడమల చప్పుడు ముందొచ్చేది. ఆ చప్పుడు విన్నాకే పొయ్యి మీద పెనం పెట్టేదాన్ని. ఈ మనిషి అడుగు కోసం కూడా అక్కడెవరో చెవి ఒగ్గి ఉంటారు.

"గుంటలు పడలేదు, మామయ్యా."

"చాల్లేమ్మా."

"చాలదు."

ఆయనకి నేను ఎదురు చెప్పడం అదే మొదలు. మామయ్య మొహం ఎర్రబడింది. "వీళ్ళ చేతుల్లో పోయినవాడు నీకేమవుతాడో గుర్తుందా?"

"ఉంది. ఆ యుద్ధం న్యాయమో కాదో నాకు తెలీదు మామయ్యా. ఇది మాత్రం న్యాయం కాదు."

ఆ అచ్చుని చెత్తడబ్బాలో పడేసి, బేసిన్‌లో నీళ్ళు మార్చాను. గుడ్డ తడిపి మళ్ళీ చుట్టాను. చుట్టడం అయిపోయింది. మామయ్య ఇంకా కిటికీ దగ్గరే ఉన్నారు. "బిగిసిపోతుంది," అన్నాను. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు.

రెండోసారి కూడా ఇద్దరూ ఊరుకోలేదు. కబురు చేశారా లేదా అన్న దగ్గరికే తిరిగి తిరిగి వచ్చారు. మామయ్య గొంతు పెరిగింది. బొటనవేళ్ళు కదల్లేదు.

కాలు తయారయ్యాక పొడుగాయన మళ్ళీ వచ్చాడు. తొడుక్కుని, నడక నేర్పడానికి గదిలో బిగించిన రెండు కమ్మీలు పట్టుకుని ఆ చివరిదాకా నడిచి, వెనక్కొచ్చాడు.

"ఎక్కడైనా నొప్పుందా?" అడిగారు మామయ్య.

"లేదండీ. చాలా బాగుంది."

"మీవాళ్ళు మీకు చెప్పినట్టు నువ్వు నాకు చెప్పకు. మావాళ్ళు చెప్పింది విన్నట్టు నేనూ వినను. ఉంటే ఉందను."

అతను కమ్మీలు వదలకుండా అలాగే నిలబడ్డాడు.

"లోపలివైపు," అన్నాడు చివరికి. "కొంచెం."

మామయ్య కాలు విప్పించి, గోడమీది ఆకురాయి అందుకున్నారు.