టైలరమ్మ గది తలుపు

ఆ రోజు ఇంట్లో ఎవరెవరు ఉన్నారంటే: కుట్టుమిషను ముందు డెబ్బైకి దగ్గర పడ్డ టైలరమ్మ, ఆమె ఎదురు కుర్చీలో, ఇంకా స్టీరింగు ముందే ఉన్నట్టు నిటారుగా కూర్చున్న రిటైరైన బస్సు డ్రైవరు, గోడకు ఆనుకుని ఏమీ పట్టనట్టు టైలరమ్మ కొడుకు, వంటింట్లో కడిగిన కప్పులే మళ్ళీ కడుగుతూ, చెవులు మాత్రం హాల్లో వదిలేసిన కోడలు, పేపరు చాటున అల్లుడు, వీళ్ళందరి మధ్య, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగును పసిబిడ్డలా పట్టుకుని ఆయన భార్య అయిన పెద్దకూతురు. డాక్టరమ్మ ఇంకా రావాల్సి ఉంది.

పెద్దకూతురు ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. ఇంట్లోవాళ్ళు కూడా ఆమెను వార్డెను అనే అనేవాళ్ళు, ఆమె లేనప్పుడు. ఎప్పుడో ఒక పిల్ల గడియ పెట్టుకుని పడుకుని పరీక్షకు లేవలేదని, హాస్టల్లో గదులన్నిటి లోపలి గడియలూ ఊడదీయించి డబ్బాలో పోయించిన ఘనత ఆమెది. మూసిన తలుపు వెనక మంచిపని జరగదని ఆమె గట్టి నమ్మకం. తన ఇంట్లోనూ తలుపులన్నీ బార్లా తెరిచే ఉంచేది. భర్త ఒక గదిలో టీవీ చూస్తూ నిద్రపోయేవాడు, ఆమె ఇంకో గదిలో హాజరుపట్టీలు చూస్తూ నిద్రపోయేది. మూయాల్సిన అవసరం ఏళ్ళ తరబడి రాలేదు కాబట్టి ఆ విషయం ఆమె గమనించలేదు.

పోయిన వారం అమ్మ గదికీ అదే వైద్యం చేసింది. డ్రైవరు వారానికి మూడు మధ్యాహ్నాలు వస్తున్నాడనీ, వచ్చినప్పుడల్లా ఆ గది గడియ పడుతోందనీ మరదలు ఫోన్లో చెప్పింది. "నాకెందుకులే అనుకున్నాను వదినా" అని మొదలుపెట్టి అరగంట చెప్పింది. వార్డెను ఆఘమేఘాల మీద వచ్చి, పెద్దవాళ్ళు లోపల పడిపోతే ఎవరు తీస్తారంటూ గడియ విప్పి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. అమ్మ క్షేమం కోసమే అని నలుగురికీ చెప్పింది. నలుగురూ తలూపారు.

ఆ తలుపుది పాతకాలపు చెక్క, వానలకు ఉబ్బి వంకర తిరిగింది. గడియ లేకపోతే ఎంతోసేపు నిలవదు. ఎంత గట్టిగా మూసినా, ఆవులింతలా కిర్రుమంటూ దానంతటదే తెరుచుకుంటుంది. అందుకని ఆ వారమంతా డ్రైవరూ టైలరమ్మా హాల్లో, కోడలు కూరలు తరిగే చప్పుడు వింటూ, బంధువుల పెళ్ళిలో దూరపు చుట్టాల్లా కూర్చున్నారు. టైలరమ్మ ఎవరితోనూ పోట్లాడలేదు. కూతురు కనిపించినప్పుడల్లా ఒకటే మాట అడిగింది, నా గడియ నాకియ్యి అని.

ఇవాళ తేల్చేద్దామని వార్డెనే అందరినీ పిలిచింది. ఆమె దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి, ఇద్దరూ పెళ్ళి చేసుకుని నలుగురి నోళ్ళూ మూయించడం. రెండోది, డ్రైవరు ఈ గడప తొక్కడం మానేయడం. మూడో దారి మర్యాదస్తుల ఇళ్ళలో ఉండదని కూడా చెప్పింది. తమ్ముడు అవునక్కా అన్నాడు. వాడు పుట్టినప్పటి నుంచీ ఆ మాటే అంటున్నాడు.

టైలరమ్మ నోట్లోంచి దారం పోగు తీసి పక్కన పెట్టింది.

"పెళ్ళి ఒకసారి చేసుకున్నాను, చాలు. ముప్ఫై ఏళ్ళు మీ నాన్న చొక్కాలు ఉతికాను. ఈయన చొక్కాలు ఈయనే ఉతుక్కుంటాడు. అందుకే ఇద్దరం బాగున్నాం."

"ఇస్త్రీ కూడా చేసుకుంటానండీ," అన్నాడు డ్రైవరు, అది కూడా లెక్కలోకి రావాలన్నట్టు. "ఆవిడ ఇల్లు ఆవిడది, నా ఇల్లు నాది. ఒకే ఇంట్లో ఉంటే ఎవరి మాత్రలు ఎవరు మింగారో తెలియక చస్తాం."

వార్డెను మొహం కందగడ్డయింది. "కాటికి కాళ్ళు చాపుకునే వయసులో ఏంటమ్మా ఇదంతా?"

"చాపుకుందామన్నా మోకాళ్ళు సహకరించాలి కదే," అంది టైలరమ్మ.

పేపరు వెనక అల్లుడికి దగ్గు వచ్చింది. అది దగ్గు కాదని అందరికీ తెలిసింది.

వార్డెను ఆఖరి అస్త్రం డాక్టరమ్మ. ఆమెకు ముందే ఫోను చేసి, ఈ వయసులో ఇలాంటివి గుండెకు ముప్పని నాలుగు మాటలు గట్టిగా చెప్పమని బతిమాలింది. డాక్టరమ్మ వింటున్నాను అంది. వింటున్నాను అంటే సరే అన్నట్టేనని వార్డెను అనుకుంది. హాస్టల్ పిల్లల విషయంలోనూ ఆమె చేసే పొరపాటు ఇదే.

డాక్టరమ్మ వచ్చింది. టైలరమ్మ చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది, మళ్ళీ చూసింది. పోయినసారి బాగానే ఉందంది. ఈ వారంలో కాస్త పెరిగినట్టుంది, ఏమైనా బెంగ పెట్టుకున్నారా అని కూడా అడిగింది. టైలరమ్మ కూతురి హ్యాండ్‌బ్యాగు వైపు చూసింది. తర్వాత డాక్టరమ్మ ఇద్దరితో విడిగా మాట్లాడాలని వాళ్ళను గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

అంతే, హాల్లో ఒక్కొక్కరికీ ఒక్కో పని గుర్తొచ్చింది. కొడుక్కి ఆ తలుపు పక్క స్విచ్చి వదులైందేమోనని అనుమానం వచ్చింది. కోడలు తుడిచిన చోటే తుడుస్తూ జరిగి జరిగి గుమ్మం దాకా వచ్చింది. అల్లుడు పేపరుతో సహా లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడి, అక్కడ వెలుతురు బాగుందన్నాడు. వార్డెను ఏ సాకూ వెతకలేదు. పర్యవేక్షణ ఆమె ఉద్యోగం. చెవి తలుపుకు ఆనించింది.

లోపల డాక్టరమ్మ మామూలు గొంతుతో, జ్వరం గురించి చెప్పినట్టే చెబుతోంది. ఇద్దరూ ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవాలట, అంటుజబ్బులు వయసు చూసి రావట. డ్రైవరు గుండెకు వాడే మాత్రలు వాడుతున్నంతకాలం, షాపులో ఎవరో చెప్పిన బలం మాత్రలు తనను అడక్కుండా ముట్టకూడదట. ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆపేసి వెంటనే కబురు చేయాలట. మోకాలు బాధపెడితే కింద మెత్తటి దిండు పెట్టుకోవాలట.

అప్పుడు తలుపు తన అలవాటు ప్రకారం ఆవులించింది.

కిర్రుమని తెరుచుకున్న గుమ్మంలో నలుగురూ ఫొటోకి నిలబడ్డట్టు వరసగా కనిపించారు. వార్డెను తల ఇంకా పక్కకు వాలే ఉంది. అల్లుడైతే వినడంలో మునిగిపోయి, తెరుచుకున్న సంగతే గమనించలేదు పాపం.

"ఆ దిండు కుడి మోకాలి కిందా అండీ, ఎడమ మోకాలి కిందా?"

"నొప్పి ఉన్న మోకాలి కింద," అంది డాక్టరమ్మ. తర్వాత తలుపును మూసి చూసింది. అది మళ్ళీ తెరుచుకుంది. "మందుల్లో మార్పేమీ లేదు. ఈ తలుపుకో గడియ కావాలి."

"లోపల పడిపోతే?" అంది వార్డెను, పీలగా.

"ఒక్కరే ఉన్నప్పుడు పెట్టుకోవద్దు. ఇద్దరున్నప్పుడు పెట్టుకోవచ్చు. ఒకరు పడితే ఇంకొకరు తీస్తారు."

ఇంత చిన్న సంగతి హాస్టల్ నడిపే మనిషికి తట్టలేదు. అందరూ హ్యాండ్‌బ్యాగు వైపు చూశారు. వార్డెను తేలు కుట్టిన దొంగలా జిప్పు తీసి, దువ్వెనా తాళాల గుత్తీ తప్పించి, గడియను బయటకు తీసింది. టైలరమ్మ మిషను సొరుగులోంచి స్క్రూడ్రైవరు తెచ్చింది. డ్రైవరు ఒక్కో మరా అందించాడు. అల్లుడు ఎవరూ అడక్కుండానే తలుపు కదలకుండా పట్టుకున్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఒక పనికి తానే ముందుకు రావడం వార్డెను చూడలేదు.

ఆ తర్వాత ఆయన డాక్టరమ్మను గేటు దాకా సాగనంపడానికి వెళ్ళాడు. సాగనంపడం ఎంతకీ తెమల్లేదు. వార్డెను కిటికీలోంచి చూసింది. ఆయన తల వంచుకుని ఏదో అడుగుతున్నాడు, డాక్టరమ్మ చెబుతోంది, ఆయన మళ్ళీ అడుగుతున్నాడు. తనతో ఏడాదికి సరిపడా మాటలు అక్కడ గేటు దగ్గర ఖర్చు చేస్తున్నాడు.

ఆమె మెల్లగా అమ్మ గది గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపల డ్రైవరు చెప్పులు మంచం కింద పొందికగా ఉన్నాయి. అందరి ముందూ అంత గట్టిగా పలికే గొంతు ఇప్పుడు ఎక్కడికో పోయింది.

"అమ్మా, మరి... మొదట మీలో ఎవరు మాట్లాడారు? అంటే, ఎలా మొదలుపెట్టారు?"

టైలరమ్మ కూతుర్ని కాసేపు చూసింది. ఆ చూపులో జాలి కూడా లేకపోలేదు.

"మీ ఆయన్నే అడుగు. గేటు దగ్గర నేర్చుకుంటున్నాడుగా."

"అది కాదమ్మా, నువ్వు..."

"తర్వాత మాట్లాడుకుందాం. ముందు కాలు తియ్యి."

వార్డెను కిందికి చూసుకుంది. తన కాలు గడప లోపల ఉంది. తీసింది. తలుపు మూసుకుంది, లోపల గడియ పడింది.