సమానంగా పంచిన సీసం

మా అక్కకు మతి చలించిందని వాళ్ళ ఎదురింటి టైలరమ్మ మా అమ్మకు ఫోను చేసి చెప్పిందట. మూడు రోజులుగా హాల్లో రెండు స్టూళ్ళ మధ్య మోటారుసైకిలు చక్రం పెట్టుకుని, వేలితో మెల్లగా తిప్పి, అది ఆగేదాకా గుడ్లప్పగించి చూస్తోందట. ఆగాక దానికి ప్లాస్టరు అంటించి మళ్ళీ తిప్పుతోందట. నర్సు కదా, చక్రానికి దెబ్బ తగిలిందనుకుంటోంది పాపం అని టైలరమ్మ కళ్ళు కూడా తుడుచుకుందట. ఆ కన్నీళ్ళ సంగతి నేను నమ్మను గాని, అమ్మ పోరు పడలేక పొలంలో మోటారు ఆపేసి బస్సెక్కాను.

వెళ్ళేసరికి అంతా టైలరమ్మ చెప్పినట్టే ఉంది. అక్క నేల మీద బాసిపట్టు వేసుకుని చక్రాన్ని చూస్తోంది. బావ కుర్చీలో కాగితం పట్టుకుని, ఏ పాపమూ ఎరగని మనిషిలా కూర్చున్నాడు. తప్పెవరిదో నాకు అప్పుడే తెలిసిపోయింది.

అక్క టీకాల నర్సు. పదకొండేళ్ళుగా ఐసు పెట్టె కట్టుకుని కొండ మీది ఊళ్ళకు వెళ్ళి పసిపిల్లలకు సూదులు వేస్తోంది. దారి కింద సగం తారు, పైన సగం మట్టీ రాళ్ళూ. అందుకే రెండింటి మీదా నడిచే ఎత్తు బండి కొనుక్కుంది. బావ బడిలో లెక్కల మాస్టారు. లోకంలో ఏది కనబడినా ఆయనకు అది ఎవరో తప్పు చేసిన లెక్క. ఎర్ర కలాన్ని బడిలో వదిలి వచ్చినా, చేతిని మాత్రం ఇంటికి తెచ్చుకుంటాడు.

కిందటి వారం సెలవు దొరికిందని అక్కకు సాయంగా బండి కడిగాడు. అక్కడితో ఆగితే ఆయన మా బావ ఎందుకవుతాడు? ఇంజను పక్కన చైనును లాగే చిన్న స్ప్రాకెట్‌కు పదమూడు పళ్ళే ఉన్నాయని కనిపెట్టాడు. పదిహేను ఉంటే బండి ఎంత జోరుగా పోతుందో కాగితం మీద వేసి చూశాడు. కాగితం మీద అక్క పదకొండు నిమిషాలు ముందే చేరింది. కాగితానికి ఎత్తుపల్లాలు ఉండవు కదా, చేరక ఏం చేస్తుంది. పదిహేను పళ్ళది తెచ్చి స్వహస్తాలతో బిగించాడు.

తర్వాత ముందు చక్రం తుడుస్తుంటే రిమ్ముకు ఒకే పక్కన నాలుగు సీసపు ముక్కలు గుంపుగా కనబడ్డాయి. ఇలాంటి బండికి టైరు జారకుండా రిమ్ము లోపల ఒక బిళ్ళ బిగిస్తారు. దాని బరువుకు సరితూగాలని ఎదురు పక్కన మెకానిక్కు పెట్టిన ముక్కలవి. బావకు అది అల్లరి పిల్లలు నలుగురూ ఒకే బెంచీలో చేరినట్టు తోచింది. నాలుగూ ఊడదీసి, టేపుతో కొలిచి, చక్రం చుట్టూ సమాన దూరంలో తలా ఒక చోట కూర్చోబెట్టాడు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో అని ఫోటో తీసి తోటి మాస్టార్లకు చూపించాడట కూడా.

ఆ శుక్రవారం అక్క బయల్దేరింది. తారు మీద అరవై దాటగానే హ్యాండిలు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ఆ అదురుకు పెట్టెలో రెండు మందు సీసాలు పగిలాయి. పళ్ళు పెరిగి జోరు వచ్చింది గాని లాగే బలం తగ్గడంతో, మట్టి దారి మూడో మలుపులో ఎత్తు ఎక్కలేక ఇంజను చచ్చింది. లేపితే మళ్ళీ చచ్చింది. క్లచ్చు కమురు వాసన వచ్చి, ఐసు కరిగి, అక్క వెనక్కి వచ్చేసింది. పైన తల్లులు పిల్లల్ని ఎత్తుకుని సాయంత్రం దాకా దారి చూశారట.

సంగతి సూపర్వైజరు దాకా పోయింది. వచ్చే శుక్రవారం తానే వెనక సీట్లో కూర్చుని వస్తానన్నాడు. తొమ్మిదిలోపు పై ఊరు చేరకపోతే ఆ ఊళ్ళు జీపుకు అప్పగిస్తాడు, అక్క ఆఫీసులో రిజిస్టర్లు రాసుకోవచ్చు. జీపు మూడు నెలలకోసారి వెళుతుంది. అదీ డ్రైవరుకు నడుం నొప్పి లేకపోతే.

మెకానిక్కుకు ఇవ్వచ్చు కదా అన్నాను. మెకానిక్కు చెయ్యి విరిగిందట. కట్టు కట్టింది అక్కే. కట్టించుకుంటూ పని ఎలా చేయాలో నోటితో చెప్పాడు. బరువున్న చోటు కిందికి వచ్చి ఆగుతుంది. దానికి సరిగ్గా పైన సీసం పెట్టాలి. చక్రం మన చెయ్యి వదిలిన చోటే నిలిచేదాకా అలా పెట్టి చూస్తూ ఉండాలి. ప్లాస్టరు ఆ ముక్కల్ని తాత్కాలికంగా అంటించడానికి.

"సమానంగా పంచితే సమతూకం రావాలి. రాలేదంటే టైరులోనే ఏదో లోపం ఉంది," అన్నాడు బావ నాతో.

"మీరు పంచకముందు లేదు," అంది అక్క తలెత్తకుండా.

సాయంత్రానికి చక్రం ఎక్కడ వదిలితే అక్కడ నిలిచింది. పదమూడు పళ్ళది మళ్ళీ ఎక్కించాం. చైను వదులైతే వెనక చక్రాన్ని, ఇరుసుకు రెండు పక్కలా ఉన్న కొలత గీతలు ఒకేలా వచ్చేలా వెనక్కి లాగాం. మనుషులు కూర్చుంటే చైను బిగుసుకుంటుంది కాబట్టి బరువు పెట్టి చూడాలంది అక్క. సూపర్వైజరు దాదాపు మీ అంతే ఉంటాడు, వచ్చి కూర్చోండి అని బావను పిలిచింది. బావ ఎక్కి కూర్చున్నాడు. చైనుకు కావలసిన రెండు వేళ్ళ వదులు మిగిలింది. ఆ వారంలో బండికి ఆయన వల్ల జరిగిన మేలు అదొక్కటే, అదీ కదలకుండా కూర్చున్నందువల్ల.

శుక్రవారం నేనూ బావా కొండ కింద ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం. పదమూడు పళ్ళతో తొమ్మిదీ నాలుగుకు గాని చేరదని బావ కాగితం తీసి చూపించాడు. అక్క పావుగంట ముందే బయల్దేరింది. ఆ కిటుకు కాగితంలో లేదు.

మధ్యాహ్నానికి తిరిగి వచ్చారు. సూపర్వైజరు కనుబొమల దాకా దుమ్ము. మూడో మలుపులో తాను కళ్ళు మూసుకున్నానని, తెరిచేసరికి పైన ఉన్నానని, తొమ్మిదిలోపే ఊరు చేరామని ఒప్పుకున్నాడు. సీసాలన్నీ భద్రం. కిందటి వారం మిగిలిపోయిన పిల్లలకూ సూదులు పడ్డాయి. ఆయన బల్ల ముందు కూర్చుని ఫారం నింపుతూ వేగం అనే గడి దగ్గర ఆగాడు. తారు మీద మరీ నెమ్మది, పాల వ్యాను కూడా దాటిపోయిందని గొణిగాడు.

బావ ప్రాణం లేచి వచ్చింది. "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను సార్. రెండు పళ్ళు పెంచితే తారు మీద పదకొండు నిమిషాలు కలిసొస్తాయి," అంటూ కాగితాన్ని ఫారం పక్కన పరిచాడు.

సూపర్వైజరు కళ్ళజోడు సవరించుకుని అంకెలు చూశాడు. "లెక్క సరిగ్గానే ఉన్నట్టుందే. మరి పెంచితే ఏం పోయింది?" అన్నాడు అక్క వైపు తిరిగి.

వరండా చివర చేతులు కడుక్కుంటున్న అక్క కుళాయి కట్టేసి చేతులు దులుపుకుంది.

"పిల్లలు తారు మీద లేరు."