కంచె దాటిన కూర

"ఆ పక్కవాళ్ళింట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను," అన్నాడు భర్త, బీన్స్ కూర అన్నంలో కలుపుకుంటూ. ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు సగం మూసి, "కూర అదిరింది. ఈ మధ్య నీ చెయ్యి బాగా తిరిగిందే," అని కూడా అన్నాడు.

ఆమె తల వంచుకుంది. సిగ్గుపడిందనుకున్నాడాయన. సిగ్గుతో తల వంచుకోవడమూ, నవ్వాపుకోవడానికి వంచుకోవడమూ చూసేవాళ్ళకి ఒక్కలాగే ఉంటాయి. చాలా కాపురాలు నిలబడింది ఆ పోలిక మీదే. కూర వాళ్ళింటిదే. ఆ మంచినీళ్ళు ముట్టని ఇంటిదే. ఇందాకే పెరటి కంచె సందులోంచి, మూతపెట్టిన గిన్నెలో, పొగలు కక్కుతూ వచ్చింది.

మూడిళ్ళ వరస అది. వెనక పెరళ్ళు, పెరళ్ళ మధ్య కర్రల కంచెలు. మొదటిల్లు వీళ్ళది. మధ్యది బ్యాంకాయనది, ఆయన భార్య ఇంట్లోనే పిల్లలకి పాటలు నేర్పుతుంది. చివరిది నర్సుది. ఆవిడ ఒక్కతే ఉంటుంది కాబట్టి నిర్ణయాలు త్వరగా తీసుకుంటుంది. ఒకరోజు బట్టలారేస్తూ, "మూడు పొయ్యిలు, మూడు కుక్కర్లు, మూడు నడుంనొప్పులు. ఉడికేది మాత్రం అదే అన్నం. మా ఆస్పత్రిలో రోగికో వంటగది పెడితే జనం నవ్వరూ?" అంది. అంతే, అక్కడే పంచుకున్నారు. పొద్దున టిఫినూ అన్నమూ ఈమె, కూరలు పాటల టీచరు, డ్యూటీకి వెళ్ళేముందు రాత్రి రొట్టెలు నర్సు. మగవాళ్ళకి చెప్పాలా అన్న ప్రశ్న రాకపోలేదు. "చెబితే చర్చవుతుంది, చర్చ కమిటీ అవుతుంది, ఆ కమిటీకి టీలు మళ్ళీ మనమే పెట్టాలి," అంది నర్సు. ప్రశ్న అక్కడితో పోయింది. ఈమె అత్తగారికి మాత్రం చెప్పక తప్పలేదు, ఆవిడ కుర్చీ పెరటి గుమ్మంలోనే ఉంటుంది గనక. "ఎవరు వండితే నాకేంటే, వేడిగా ఉంటే చాలు," అందావిడ.

గ్యాసు బండ మునుపటికంటే ఎక్కువ రోజులు రావడం మొదలెట్టింది. అసలు లాభం అది కాదు. టిఫిన్లు పంపి, అన్నం దించేశాక ఆమెకి పొద్దున్నే ఓ ఖాళీ దొరికింది. మొదట్లో దాన్నేం చెయ్యాలో తెలియక అలమరలు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది. తర్వాత గుర్తొచ్చింది, తను డిగ్రీలో బోటనీ చదివిన మనిషినని. ఇన్నేళ్ళలో ఆ చదువు ముదురు బెండకాయని లేతదాన్నుంచి వేరుచెయ్యడానికి తప్ప పనికిరాలేదు. మూడిళ్ళ తొక్కలూ ఒక గోతిలో వేసి ఎరువు చేసింది. కంచె పొడుగునా బీన్స్ పాదులు పాకించింది. రోజూ కాసేపు ఆ పాదుల మధ్య స్టూలేసుకుని ఊరికే కూర్చునేది. ఎవరూ పిలవని ఆ కాసేపట్లో తన ఆలోచన మధ్యలో తెగకుండా చివరిదాకా వెళ్ళడం చూసి మొదటిసారి కొంచెం కంగారు పడింది కూడా. ఇది నాదేనా, ఇంత పొడుగుందా అని.

ఇప్పుడా కాసేపటికే ఎసరొచ్చింది.

బ్యాంకాయన కారు వెనక్కి తీస్తుంటే ఈయన స్కూటరు అద్దం పగిలింది. స్కూటరు అడ్డంగా పెట్టాడని ఆయన, కళ్ళు నెత్తికెక్కాయని ఈయన. భర్త నెలనెలా గ్రంథాలయంలో ప్రపంచశాంతి మీద ఉపన్యాసమిస్తాడు; దేశాలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే చాలంటాడు. పక్కింటాయనతో మాత్రం మాటల్లేవు. గోడే కావాలిట. ఆశ్చర్యమేమంటే గోడ విషయంలో ఇద్దరూ విడివిడిగా ఒకే మాట మీదున్నారు. సోమవారం మేస్త్రీ వస్తున్నాడు. కంచె పీకేసి, పునాది తవ్వి, మనిషెత్తు గోడ.

ఆ సాయంత్రం ముగ్గురూ కంచె దగ్గర చేరారు.

"చెప్పేద్దాం వదినా," అంది టీచరు, గొంతు తగ్గించి. "కానీ ఇన్నాళ్ళూ తిన్నది మీ అన్నమని తెలిస్తే మా ఆయన వారం రోజులు నోరు పుక్కిలిస్తారు."

"పుక్కిలించనీ. కడుపునేం చేస్తారు? తిరగేసి ఉతుకుతారా?" అంది నర్సు.

ఆమె ఓ తీగని కంచెకి చుడుతూ ఉండిపోయింది. ఏడుపొస్తుందేమో అనుకుంది గానీ రాలేదు. దాని బదులు ఓ ఆలోచనొచ్చింది. "ఏం చెప్పొద్దు. గోడ రేపే కట్టేశారనుకుందాం. ఎవరింట్లో వాళ్ళం వండుకుందాం. సోమవారం లోపల వాళ్ళకీ గోడ రుచి తెలియాలిగా."

మర్నాడు శనివారం, మగవాళ్ళిద్దరికీ సెలవు. ఆమె చాలాకాలానికి కూర వండింది. మోసమేం చెయ్యలేదు, ఒళ్ళు దగ్గర పెట్టుకునే వండింది. భర్త ముద్ద నోట్లో పెట్టి ఆగిపోయాడు.

"ఏ హోటల్నుంచి తెచ్చావు?"

"ఇంట్లోదే."

"నా దగ్గరా నాటకాలు? మనింటి కూర నాకు తెలీదా!"

సరిగ్గా అప్పుడే కంచె అవతలనుంచి బ్యాంకాయన గొంతు వినిపించింది. "అన్నమా ఇది? కవర్లంటించుకోడానికి వండావా?"

గుమ్మంలో కుర్చీ కిర్రుమంది. "ఒరేయ్," అంది అత్తగారు, కంచె అవతలికీ వినపడేలా, "అది నీ పెళ్ళాం చేతి కూరే. నువ్విన్నాళ్ళూ లొట్టలేసుకుంటూ తిన్నది పక్కింటావిడది. వాళ్ళాయన తిన్నది మనింటి అన్నం. నోరు మూసుకుని తిను, లేదా నోరు తెరిచి గోడ వద్దని చెప్పు. నాకు ఈ కూర సయించదు."

ఆమె అత్తగారి వైపు చూసింది. ఆఖరి మాట లేకపోతే కాళ్ళకి దణ్ణం పెట్టేదే.

భర్త చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. మొహంలో కోపం వచ్చింది, దాని వెనక అవమానం వచ్చింది, ఆ రెంటినీ నెట్టుకుంటూ ఆకలి వచ్చింది.

"నాకు తెలియకుండా ఎన్నాళ్ళుగా?"

"అద్దం పగలడానికి చాలా ముందునుంచీ."

ఆయన కంచం పక్కకి జరిపాడు. "సరే. మేస్త్రీని రావద్దంటాలే," అన్నాడు, ఆమెకేదో చీర కొనిపెడుతున్నట్టు. "రేపట్నుంచి కూర మాత్రం ఎప్పట్లాగే తెప్పించు."

పాదులు దక్కాయి, స్టూలు దక్కింది. నిన్నటిదాకా ఆమెకి కావలసిందీ అంతే. కానీ తెగకుండా చివరిదాకా వెళ్ళే ఆలోచన ఒకసారి అలవాటయ్యాక మధ్యలో ఆగమంటే ఆగదు.

"ఎప్పట్లాగే అంటే కుదరదండీ. వారానికో రోజు మాకు ముగ్గురికీ సెలవు. ఆదివారం మీరూ, బ్యాంకాయనా కలిసి వండండి, మనింట్లో. మూడిళ్ళకీ. అది అందరం తిన్నాకే సోమవారం గిన్నె కంచె దాటుతుంది. మేం ముగ్గురం అలా అనుకున్నాం." నిజానికి ఇంకా అనుకోలేదు. ఒక్క కేక వేస్తే అనుకుంటారని ఆమెకి తెలుసు.

"వాడితోనా? ఒకే వంటింట్లోనా?"

"భయపడకండి," అంది, ఆయన గ్లాసులో నీళ్ళు పోస్తూ. "కూరలు మేమే తరిగి ఇస్తాం. ఆ రోజు చాకులన్నీ నర్సుగారింట్లో ఉంటాయి."