పనసాకు కమ్మలు

కేరళలోని పాలా ఊరి దగ్గర రబ్బరు షీట్లు ఆరేసే కొట్టం వసారాలో, ఆదివారం చర్చి నుంచి రాగానే ‘ఇరవై ఎనిమిది’ పేకాట మొదలయ్యేది. ఓడిన జట్టు చెవులకు పనసాకులు తగిలించుకుని కూర్చోవాలి. గుండె చెడ్డ నాటి నుంచి కురువిళ ఆ కమ్మలు దించిన పాపాన పోలేదు. తురుపు తనే పెట్టి, తనే మరిచేవాడు. "పెళ్లికూతురు ముస్తాబై వచ్చింది," అని మిత్రులు ముచ్చటపడేవారు.

కొచ్చిలో గుండె మార్చారు. "పాత గుండె పంపే రక్తం చాలక మీ మెదడు ఇన్నాళ్లూ అర్ధాకలితో పనిచేసింది. ఇప్పుడు తిండి అందుతోంది. తేరుకుంటుంది, ఎంతవరకో మాత్రం చెప్పలేను," అంది డాక్టరమ్మ. ఊరంతా కొత్త గుండెను చూసి సంబరపడింది. కురువిళకు ఆ కొత్త గుండెలోనే గుబులు. గుండె ఎలాగూ ఎవరిదో. బుర్రా తనది కాకపోతే ఇంటికొచ్చింది ఎవరు?

కొన్ని నెలలకు మాస్కు కట్టుకుని ఆటకు వచ్చాడు. మొదటి ఆట గెలిచాడు. రెండోదీ, మూడోదీ గెలిచాడు. ఎదుటి జట్టు ఇట్టూపు, అవిర ఆకులు తగిలించుకుని తెగ మురిసిపోయారు. చెవులు కుట్టించుకున్న పసివాళ్లయినా కాస్త ఏడుస్తారు. వీళ్లకు అదీ లేదు.

"పడుచు గుండెరా నీది, ముక్కలు కూడా మోజుపడుతున్నాయి," అన్నాడు అతని జట్టువాడు పోతన్.

నాలుగో ఆటలో కురువిళ కళావరు ఆసు వేశాడు. ఈ పేకాటలో ఆసు కంటే జాకీ పెద్దది. ఇట్టూపు ఏడు వేశాడు. కురువిళ ఆట ఆపాడు.

"ఇట్టూపూ, కళావరు జాకీ ఇంకా పడలేదు. నా దగ్గర లేదు. ఇందాక పోతన్, అవిర ఇద్దరూ కళావరు లేక వేరే రంగు వేశారు. పెద్ద ముక్క చేతిలో పెట్టుకుని ఏడు వేస్తావేంరా? ఆకులు మీ చెవులకు, పువ్వులు నా చెవిలోనా?"

పోతన్ గొణిగాడు. "మీ ఆవిడ మరియక్కుట్టే చెప్పిందిరా. నువ్వు గెలిస్తే గుండెకు మంచిదట."

కురువిళకు ఒళ్లు మండింది. ఇంత జాలి పడేకంటే చెంప పగలగొట్టినా బాగుండేది. అంతలోనే ఇంకోటి తట్టింది. ముగ్గురి చేతుల్లో ముక్కలూ లెక్కగట్టింది తన బుర్రే. కళ్లు చెమర్చాయి.

ఇట్టూపు చెవుల ఆకులు లాక్కుని, మాస్కు తాళ్ల మీదుగా తన చెవులకు తగిలించుకున్నాడు.

"మూడాటలూ ఓడింది నేనే. పంచండి."

ఈసారి ఇట్టూపు జాకీని జాలి లేకుండా నేలకేసి కొట్టాడు. కురువిళ చిత్తుగా ఓడాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక అంత హాయిగా నవ్వడం అదే మొదలు.