గోగో షేజీ ఇల్లు

దక్షిణాఫ్రికాలో డర్బన్ పక్కన ఉన్న క్వామాషులో పోలీస్ స్టేషన్ అంటే దొంగలకే భయం. మిగతావాళ్ళకి అది ముద్రలు వేయించుకునే చోటు. పిల్లల బడి కాగితాలు, ముసలివాళ్ళ పెన్షన్ కాగితాలు, అన్నిటికీ ముందు అక్కడి బల్ల దగ్గర ప్రమాణం చేసి ముద్ర కొట్టించుకోవాలి. ఆ వరుసలో ఇళ్ళు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు కూడా నిలబడతారంటే చదువరులు నమ్మకపోవచ్చు. కానీ మా ఊళ్ళో అది పాత అలవాటు. "నా ఇల్లు ఇతనికి అమ్మేశాను" అని ఒకడు రాస్తాడు, రెండోవాడు సంతకం పెడతాడు, పోలీసు ముద్ర వేస్తాడు, తాళంచెవి చేతులు మారుతుంది. ఆ ముద్రకు అర్థం ఒక్కటే: ఈ మనిషి నా ఎదుట ఈ మాట అన్నాడు అని. ఆ మాట నిజమని కాదు. ఈ కాస్త తేడా తెలియక ఎన్ని సంసారాలు వీధిన పడ్డాయో చెప్పలేను.

ఒక శనివారం బెకానీ, అతని భార్య దుదుజిలే చర్చికి వెళ్ళే బట్టలు కట్టుకుని ఆ వరుసలో నిలబడ్డారు. బెకానీ రేవులో లారీ నడుపుతాడు. దుదు బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. పెళ్ళయిన నాటినుంచీ ఎవరో ఒకరి పెరట్లో ఒంటిగది అద్దెకు తీసుకుని ఉన్నవాళ్ళు, రూపాయి రూపాయి అన్నట్టు రాండ్లు కూడబెట్టి ఇప్పుడు నాలుగు గదుల ఇల్లు కొంటున్నారు. అమ్మేవాడు ముసా షేజీ. సాక్షి, ఆ ఇంటి పక్కింట్లో ఉండే జుంగూ అనే పెద్దాయన.

దుదుకి మనసులో ఏదో పీకుతూనే ఉంది.

"ఏమయ్యా, లాయరు చేత రాయించుకుందామా? నేను యూనిఫారాలిచ్చే షాపులో ఒకావిడ ఇల్లు కొన్నప్పుడు కన్వేయన్సర్ దగ్గరికి పోయిందంట. ఇళ్ళ బదిలీలు చూసేది వాళ్ళేనంట."

జుంగూ పకపకా నవ్వాడు. "కన్వేయన్సరా! వాళ్ళు నెలల తరబడి నానబెడతారమ్మా. ఈలోగా ఇల్లు ఇంకెవడో తన్నుకుపోతాడు. మా వీధిలో సగం మందిమి ఇక్కడే, ఈ బల్ల దగ్గరే కొన్నాం. ఒక్కణ్ణయినా ఎవడన్నా లేవగొట్టాడా?"

"నామీద నమ్మకం లేకపోతే చెప్పక్కా" అన్నాడు ముసా మొహం ముడుచుకుని. "అవతల ఇంకొకళ్ళు అడుగుతున్నారు."

"అది కాదు తమ్ముడూ. ఇల్లు మీ అమ్మగారిది కదా?"

"అమ్మ పోయింది. నొంగోమాలో, మా మామయ్య ఊళ్ళో. నేను ఒక్కగానొక్క కొడుకుని. నాకు కాక ఎవరికి వస్తుంది?"

ఒక్కగానొక్క కొడుకన్న మాట నిజమే. ఒక్కగానొక్క బిడ్డ కాడన్న సంగతి ముసా చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. బెకానీ అప్పటికే జేబులోంచి పెన్ను తీశాడు. ముద్ర టక్కున పడింది.

ఇంట్లో దిగిన రోజున బెకానీ మూలికల ధూపం వేసి, తన తాతముత్తాతలందరినీ పేరుపేరునా పిలిచి, ఇది మన కొత్త ఇల్లు, గుర్తుపట్టండి అని విన్నవించుకున్నాడు. చనిపోయిన వాళ్ళందరికీ చెప్పుకున్న మనిషి, బతికున్న వారసులు ఎవరైనా ఉన్నారా అని మాత్రం విచారించలేదు. మనిషి చెడ్డవాడు కాదు. ఇల్లు చేతికి అందిందన్న సంబరంలో ఉన్నవాడికి ప్రశ్నలు అపశకునంలా తోస్తాయి.

దుదు గోడలకి లేత పసుపు వేయించింది. కిటికీలకి తనే పరదాలు కుట్టింది. అయినా ఆ ఇల్లు ఆమెకు లొంగలేదు. వీధిలో ఎవరైనా "ఎక్కడుంటున్నావమ్మా?" అంటే పక్కవాళ్ళే "గోగో షేజీ ఇంట్లో" అని చెప్పేవారు. గోగో అంటే అవ్వ. నీళ్ళ బిల్లు కూడా ఆ అవ్వ పేరు మీదే వచ్చేది. "ఆఫీసోళ్ళ బద్ధకం" అని బెకానీ తీసిపారేసేవాడు. పొయ్యి దగ్గర నిలబడితే వెనక ఎవరో నిలబడి, గిన్నె ఎక్కడ పెడుతుందా అని చూస్తున్నట్టుండేది. పోనుపోనూ దుదుకి ఒక అలవాటైంది. పడకగదిలోకి వెళ్ళేముందు తలుపు మెల్లగా తట్టేది. తన ఇంట్లో తాను తలుపు తట్టడమేమిటని తనకే సిగ్గేసేది, అయినా మానలేకపోయింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, బెకానీ చర్చిలో ఉండిపోయాడు. దుదు చిక్కుళ్ళు ఉడకేస్తోంది. గేటు చప్పుడైంది. నల్లబట్టల్లో ఒక పెద్ద వయసామె లోపలికి వస్తోంది. చేతిలో ముళ్ళకొమ్మ, మన రేగుచెట్టు జాతిదే. వెనకాల సంచి మోసుకుంటూ, బంధువు కాబోలు, ఒక ముసలాయన.

ఇక్కడి జూలూల ఇళ్ళలో ఆ కొమ్మకు అర్థం తెలియని వాళ్ళుండరు. పరాయి చోట ప్రాణం పోయిన వాళ్ళని అక్కడే వదిలేయరు. ఆ ముళ్ళకొమ్మ పట్టుకుని వెళ్ళి, పోయిన చోట పేరు పెట్టి పిలిచి, ఇంటికి తోడ్కొని వస్తారు. దారిలో వ్యానెక్కితే చనిపోయిన మనిషికి కూడా ఒక సీటు కొంటారు. కొమ్మ పట్టుకున్న వాళ్ళు దారిపొడుగునా ఆ మనిషితో తప్ప ఎవరితోనూ మాట్లాడరు. అలా వచ్చేవాళ్ళకి అడ్డుపడితే పాపం. దుదు గోడకి ఒదిగి నిలబడింది.

"అమ్మా, గేటు దాటాం" అంటోంది ఆ వచ్చినామె కొమ్మతో. "ఇదిగో మెట్టు, చూసుకో. గోడల రంగు మార్చారు, కంగారుపడకు. ఇది మన ఇల్లేనమ్మా. ఇంక ఎక్కడికీ పోనక్కర్లేదు."

నేరుగా పడకగదిలోకి వెళ్ళి, లోపలి మూల కొమ్మను పడుకోబెట్టింది. చాలాసేపు మోకాళ్ళమీద ఉండిపోయింది. అప్పుడు లేచి, మొదటిసారిగా దుదుని చూసింది.

"నువ్వెవరమ్మా? మా ముసా పెళ్ళానివా?"

"కాదక్కా. మేము... ఈ ఇల్లు కొన్నాం."

"ఎవరి దగ్గర?"

"ముసా దగ్గర."

"ముసా దగ్గరా!" ఆమె గొంతు పెంచలేదు. "నా పేరు జోద్వా. వాడికి పెద్దక్కని. నా తర్వాత ఇంకో చెల్లెలుంది. ఇల్లు వాడిది కాదు, నాది కాదు. అమ్మది. అమ్మ ఇదిగో, ఇప్పుడే వచ్చింది."

ముసాకి ఎన్నిసార్లు ఫోను చేసినా కలవలేదు. జొహానెస్‌బర్గ్ పోయాడని ఎవరో అన్నారు.

మర్నాడు దుదు, బెకానీ డర్బన్ వెళ్ళి, మొదట్లోనే వెళ్ళాల్సిన గుమ్మం ఎక్కారు. కన్వేయన్సర్ శ్రీమతి సిబియా ఇంటి నంబరు అడిగి, కంప్యూటర్‌లో చూసి, నిట్టూర్చింది.

"ఈ ఇల్లు ఇవాళ్టికి కూడా తెంజివే షేజీ పేరు మీదే ఉందమ్మా."

"ఆవిడ పోయింది కదండీ!"

"మనిషి పోతుంది గానీ, రిజిస్టర్‌లో పేరు దానంతటది పోదు. ఆవిడ ఆస్తి వ్యవహారం చూడటానికి కోర్టువారు ఒకరిని నియమించాలి. వారసులు తేలాలి. వాళ్ళంతా ఒప్పుకుంటే, అప్పుడు మాలాంటి వాళ్ళు బదిలీ పత్రాలు తయారుచేసి దస్తావేజుల ఆఫీసులో నమోదు చేయించాలి. ఆ నమోదు జరిగిన రోజునే ఇల్లు మీదవుతుంది. తాళంచెవి తీసుకున్న రోజున కాదు, డబ్బిచ్చిన రోజున కూడా కాదు."

బెకానీ ముద్ర ఉన్న కాగితం బల్లమీద పెట్టాడు. "ప్రమాణం చేసి రాశాడండీ, పోలీసుల ముందు!"

"అబద్ధం కూడా ప్రమాణం చేసి చెప్పొచ్చు నాయనా. తనది కానిదాన్ని ముసా మీకెలా ఇస్తాడు? అతని మీద కేసు పెట్టండి. దొరికితే మీ డబ్బు కొంతయినా రావచ్చు. ఇల్లు మాత్రం, ఆ అక్కాచెల్లెళ్ళు అమ్ముతామంటేనే."

"ఈ పేరు సంగతి ముందే తెలుసుకోవాలంటే ఎన్నాళ్ళు పట్టేదండీ?" అని దుదు అడిగింది.

"ఇప్పుడు ఎంతసేపు పట్టిందో చూశారుగా" అందామె. ఆ మాట అన్నందుకు వెంటనే నొచ్చుకుంది కూడా.

వాళ్ళు తిరిగొచ్చి జోద్వా కాళ్ళావేళ్ళా పడ్డారు. మళ్ళీ కొత్తగా డబ్బు కూడబెట్టి ఇస్తామన్నారు. జోద్వా కళ్ళు తుడుచుకుంది.

"నిన్ను చూస్తే కడుపు తరుక్కుపోతోంది చెల్లీ. కానీ ఇన్నేళ్ళు పరాయి నేలమీద తిరిగిన మనిషిని పిలుచుకొచ్చాను. ఇల్లు అమ్మేశామమ్మా, మళ్ళీ నడువు అని ఏ నోటితో చెప్పను? ఇంకో చోటు దొరికేదాకా వెనక గదిలో ఉండండి. అద్దె అడగను."

అలా మళ్ళీ పెరటి గదే గతి అయ్యింది. తను కుట్టిన పరదాలను అవతలి వైపు నుంచి చూస్తూ దుదు బట్టలు కుట్టుకునేది. జుంగూ వీధి అరుగు మీద కూర్చోవడం మానేశాడు. ఒకనాడు బెకానీని చాటుగా పిలిచి, "ఆ లాయరమ్మ అడ్రసు ఇవ్వు నాయనా. నాకు అమ్మినవాడు పోయాడు. వాడి పిల్లలు ఎక్కడున్నారో నాకు తెలీదు" అన్నాడు. ఆ వీధిలో సగం ఇళ్ళలో ఆ వారం ఎవరికీ సరిగ్గా నిద్రలేదు.

గురువారం చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన జరిగే రోజు. ఎప్పుడూ నలుగురిలో మాట్లాడని దుదు ఆ రోజు లేచి నిలబడింది. పాట ఆగింది.

"అమ్మలారా, నా ఏడుపు వినిపించడానికి లేవలేదు" అంది. "మీలో ఎవరైనా ఇల్లు కొనబోతుంటే, గోడ తట్టి చూసే ముందు ఆ ఇల్లు ఎవరి పేరు మీద ఉందో కనుక్కోండి. ఆ మనిషి బతికుందా, వారసులెవరు, అందరూ ఒప్పుకున్నారా అని అడగండి. అమ్మేవాడికి కోపమొస్తే రానివ్వండి, ఇల్లు పోతే పోనివ్వండి. కన్వేయన్సర్‌కిచ్చే ఫీజు దండగ అనుకోకండి, మేమట్టా అనుకునే ఉన్నదంతా పోగొట్టుకున్నాం. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ చచ్చిపోయినావిడ నన్ను వెంటాడుతోందని భయపడ్డాను. ఆవిడ ఎవర్నీ వెంటాడలేదమ్మా. ఆవిడ తన ఇంటికి తాను వచ్చింది. పేరూ హక్కూ ఏమీ లేకుండా ఆ ఇంట్లో దయ్యంలా తిరిగింది నేనే."