పిడికి రాసిన నూనె

పళ్లు విరిగిన చప్పుడు గ్యాలరీ దాకా వినపడుతుందని నాకు అంతవరకు తెలియదు. మా రిచర్డ్ కర్ర నుంచి లేచిన బంతి ఇరాన్ ఆటగాడి నోటికి తగిలింది. అతను రెండు చేతులతో నోరు మూసుకుని మోకాళ్ల మీద కూలాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం చెక్క నేల మీద పడింది.

సికింద్రాబాద్‌లో ఆ వారం నాలుగు దేశాల ఇండోర్ హాకీ పోటీలు జరుగుతున్నాయి. మా అబ్బాయి భారత జట్టులో డిఫెండరు. ఈ ఆట మైదానంలో ఆడే హాకీ లాంటిది కాదు. చుట్టూ పైకప్పు, కింద నున్నటి చెక్క నేల, రెండు పక్కలా జానెడు ఎత్తు కూడా లేని అడ్డచెక్కలు. బంతిని నేల మీద తోయాలే తప్ప కర్ర ఎత్తి కొట్టకూడదు. అంత ఇరుకులో కొడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఆ ఇరానీ పేరు బెహ్రూజ్. అంతకుముందు రిచర్డ్‌ను మూలకు తోసి, అంపైరు చూడనప్పుడల్లా మోచేత్తో డొక్కలో పొడిచాడు. అదీ నేను చూశాను.

మా పక్క క్వార్టర్ జంగయ్య లేచి ఈల వేశాడు. "మస్తు కొట్టిండు మనోడు! మోచేతులు పెడ్తే ఊకుంటడా?"

"జంగయ్యా, కొట్టకూడదయ్యా. అది తప్పు."

"ఏందన్నా, నువ్వు కొడుకు దిక్కా, ఇరానోళ్ల దిక్కా?"

అంపైరు పసుపు కార్డు చూపించి రిచర్డ్‌ను కాసేపు బయట కూర్చోబెట్టాడు. ఎవరో గుడ్డ తెచ్చి నేల తుడిచారు. ఆట మళ్లీ మొదలైంది.

మైదానంలో ఆడే అలవాటు కొద్దీ చెయ్యి లేచిందని కోచ్ రామ్మోహనరావు గారు అందరికీ చెప్పారు. మౌలాలి రైల్వే కాలనీలో మా ఇంటికి వచ్చినప్పుడు రిచర్డ్ కూడా అదే అన్నాడు. మా ఆవిడ రోసమ్మ వాడి డొక్క మీద నల్లబడిన చోట కాపడం పెడుతూ, "నా బిడ్డ కావాలని కొడతాడా?" అంది. నేనూ నమ్మాను. నమ్మడం సుఖంగా ఉంది.

మర్నాడు సాయంత్రం ఇరాన్ జట్టు మౌలాలి గుట్ట మీది దర్గాకు వచ్చింది. నేను పాలకని వెళ్తే, మెట్ల కింద చాయ్ దుకాణం దగ్గర అందరూ కూర్చుని ఉన్నారు. బెహ్రూజ్ పెదవికి కుట్లు. చేతిలో చాయ్ కప్పు ఉంది కానీ తాగలేకపోతున్నాడు.

దాటి వెళ్లిపోదామనుకున్నాను. కాళ్లు వెళ్లనివ్వలేదు.

"దర్ద్ హై క్యా, బేటా?" అన్నాను. నొప్పికి 'దర్ద్' అనే మాట వాళ్ల భాషలోనూ ఉన్నట్టుంది, తలూపాడు. నా గుండె మీద చెయ్యి పెట్టుకుని, "రిచర్డ్ కా బాప్" అని చెప్పాను.

వాళ్లలో ఒకడు విసురుగా లేచాడు. బెహ్రూజ్ అతని చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, రెండు వేళ్లు తన కళ్లకు పెట్టుకుని, వాటినే తన నోటి వైపు చూపించాడు. ఆపైన రెండు చేతులూ ఎత్తి కొట్టినట్టు గాలిలో ఊపాడు.

చూశాడు. చూసి కొట్టాడు.

పాలు తీసుకోకుండానే ఇంటికి వచ్చాను.

మళ్లీ ఇరాన్‌తోనే ఫైనల్ పడింది. రిచర్డ్ స్కూలు జట్టులో చేరిన నాటి నుంచి మా ఇంట్లో ఒక వాడుక ఉంది. పెద్ద ఆటకు ముందు కర్రను బల్ల మీద ఉంచి ముగ్గురం మోకరిస్తాం. పాస్టరు గారు ప్రార్థించి ఇచ్చిన కొబ్బరినూనెలో నేను వేలు ముంచి, కర్ర వంపు మీద సిలువ గుర్తు పెట్టి, వెంటనే గుడ్డతో తుడిచేస్తాను. ఆ రోజు మధ్యాహ్నం కోచ్ దగ్గర సెలవు తీసుకుని రిచర్డ్ అందుకే వచ్చాడు.

నేను సీసా మూత తియ్యలేదు.

"రిచర్డ్, మొన్న ఆ అబ్బాయి మొహం చూసి కొట్టావా, చూడకుండా కొట్టావా?"

"అలవాటని చెప్పిన కద డాడీ."

"చూశావా, లేదా?"

"లోపల దిగినోడికే తెలుస్తది డాడీ. పైన కూసొని అందరు చెప్తరు."

"అయితే నేను నూనె రాయను. దేవుని పేరు పెట్టి ఆ కర్రను ఎట్లా పంపేది?"

"వద్దులే. ఇయ్యాల ఆడు నా కోసమే వస్తడు. చుక్క నూనె ఆపుతదా?"

రోసమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కిట్ బ్యాగు, కర్ర తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది. జెర్సీ మడతపెడుతోందనుకున్నాను.

బెహ్రూజ్ నిజంగానే వాడి కోసం వచ్చాడు. ఆట మొదలవుతూనే కర్ర అంచుతో రిచర్డ్ చీలమండ మీద కొట్టాడు. రిచర్డ్ భుజంతో అతని ఛాతీలో గుద్దాడు. మనవాడొకడి మోకాలు తిరిగిపోతే, ఇద్దరు మోసుకుపోయారు. వాళ్లవాడొకడి వేలు కర్రల మధ్య నలిగింది, అతని కేకకు నా పక్కన రోసమ్మ, మిగతా ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. రిచర్డ్ కనుబొమ చిట్లింది. కట్టు కట్టించుకుని మళ్లీ దిగాడు. అంపైర్ల ఈలలు ఎవరికీ పట్టలేదు.

జంగయ్య ఈలలు మానేశాడు. "అన్నా, గిది హాకీ కాదు, చంపుకునుడు. పిలగాన్ని బయటికి పిలువురాదు?"

పిలిస్తే వస్తాడా? రిచర్డ్ మాటిమాటికీ అరచేతులు నిక్కరుకు తుడుచుకుంటున్నాడు. చెమట అనుకున్నాను.

గోల్స్ సమంగా ఉన్నాయి. ఆట ముగిసే వేళ బెహ్రూజ్, రిచర్డ్ ఒకరినొకరు పట్టుకుని అడ్డచెక్క మీద పడ్డారు. బంతి ఎటో పోయింది. ముందు రిచర్డ్ లేచాడు. బెహ్రూజ్ ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడు, తల కిందికి వంచి.

రిచర్డ్ ఆ తల వైపు చూశాడు. చూసి, కర్రను భుజం మీదికి ఎత్తాడు. నా నోట ప్రభువు పేరు సగమే వచ్చింది.

కర్ర కిందికి దిగుతూ వాడి చేతుల్లోంచి జారిపోయింది. బెహ్రూజ్ జుట్టును రాసుకుంటూ ఎగిరి, స్కోరర్ బల్లకు తగిలి రెండు ముక్కలైంది.

ఎర్రకార్డు. రిచర్డ్ బయటికి వచ్చేశాడు. ఒక మనిషి తక్కువైన జట్టు మీద ఇరాన్ గోల్ చేసింది. మనం ఓడిపోయాం. గ్యాలరీ నుంచి నీళ్ల సీసాలు, బూతులు రిచర్డ్ మీద పడ్డాయి.

వాడు వాటిని పట్టించుకోలేదు. అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తలెత్తి నేరుగా వాళ్లమ్మను చూశాడు. రోసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం చేశావు?" అన్నాను.

"మీరు రాయనన్నారుగా. ఈ రోజుకి ఒక్క చుక్క చాలదనిపించిందండి. వాడి చేతుల్ని కాపాడు తండ్రీ అని అడిగి, పాస్టరు గారి నూనే పిడి అంతా రాశాను. చుట్టిన గుడ్డ ఎంత పోసినా పీల్చుకుంది."

నేను కిందికి దిగి వెళ్లాను. రిచర్డ్ తల ఎత్తలేదు.

"కొబ్బరినూనె, డాడీ."

"అమ్మ రాసింది."

"జారకపోతే ఆడి తలకాయ పగులుతుండె." అరచేతులు మళ్లీ నిక్కరుకు తుడుచుకున్నాడు. "మొన్న సుత చూసే కొట్టిన."

"నాకు కాదురా చెప్పాల్సింది."

ఇరాన్ వాళ్లు ఒకరినొకరు ఎత్తుకుని కేకలు వేస్తున్నారు. రిచర్డ్ కుంటుతూ వెళ్లి బెహ్రూజ్ ముందు నిలబడ్డాడు. వాడికి ఆ భాష రాదు. రెండు వేళ్లు తన కళ్లకు పెట్టుకున్నాడు. వాటిని బెహ్రూజ్ కుట్ల వైపు చూపించాడు. రెండు చేతులూ ఎత్తి కొట్టినట్టు ఊపి, ఆ చేతుల్ని కిందికి దించేశాడు.

బెహ్రూజ్ ముఖంలో నవ్వు పోయింది. పిడికిలి బిగించి రిచర్డ్ నోటి మీద గుద్దాడు. మొన్న విన్న చప్పుడే మళ్లీ విన్నాను. రిచర్డ్ వెనక్కి తూలి నిలదొక్కుకున్నాడు. రెండో దెబ్బకు మోకాలి మీద కూలాడు. వాడి చేతులు మాత్రం పక్కనే వేలాడుతున్నాయి.

రామ్మోహనరావు గారు, "పట్టుకోండి వాణ్ని!" అని అరుస్తూ పరుగెత్తారు.

"వదిలెయ్యుండ్రి సార్," అన్నాడు రిచర్డ్, నోటి నిండా రక్తంతో.

బెహ్రూజ్ మళ్లీ చెయ్యి ఎత్తాడు. వేలాడే ఆ చేతుల్ని చూశాడు. పిడికిలి గాలిలోనే ఆగిపోయింది. నేల మీద ఉమ్మేసి, తిరిగి తన వాళ్లలోకి వెళ్లిపోయాడు.

ఆటోలో రిచర్డ్ మా ఇద్దరి మధ్య కూర్చున్నాడు. రోసమ్మ వాడి నోటి రక్తం సంగతి మరిచి, కొంగుతో అరచేతుల్లోని నూనె తుడుస్తోంది.

చేతుల్ని కాపాడమని అడిగింది. చేతులే మిగిలాయి. మొహం సంగతి అడగలేదు. దేవుడు మనం అడిగింది అంత అచ్చంగా వింటాడా? రాయనని మొండికేసిన నా మాట కూడా విన్నాడా? పాస్టరు గారిని అడుగుదామనుకున్నాను కానీ, ఏమని మొదలుపెట్టాలో తోచలేదు.

"తుడిచింది చాల్లేమ్మా," అన్నాడు రిచర్డ్.

ఆమె తుడుస్తూనే ఉంది. మౌలాలి కమాను దాటినా ఆటోలో ఆ వాసన పోలేదు.